కోసిన రేకు తిరిగొస్తుందా? మార్చిన స్పోర్ట్స్ కారుకు మళ్లీ కంపెనీ బాడీ

క్లుప్తంగా: బాడీ కిట్ (కారు రూపం మార్చడానికి బయట బిగించే బంపర్లు, ఫెండర్లు, రెక్కల సెట్టు) వేసిన కారును కంపెనీ రూపానికి తేవడం ఎంత కష్టమన్నది, కిట్ కోసం రేకు కోశారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బోల్టులతో బిగించినవి విప్పితే పోతాయి. కోసినచోట మాత్రం అతుకు తప్పదు. ఆర్టీఓ ఆఫీసుకు సరిపోయే ఒరిజినల్‌కీ, కొనేవాళ్లు అడిగే ఒరిజినల్‌కీ మధ్య చాలా దూరం ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉప్పుగాలి ఆ దూరాన్ని ఇంకాస్త పెంచుతుంది.

ఇప్పుడే ఎందుకు ఈ ప్రశ్న

రొయ్యల చెరువులు బాగా పండిన ఏడాదో, గ్రానైట్ ఎగుమతులు కలిసొచ్చిన ఏడాదో నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద రెండు తలుపుల కార్లు కనబడటం కొత్తేమీ కాదు. వాటిలో కొన్ని షోరూము నుంచి నేరుగా వచ్చినవి. చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో ఒకరిద్దరి చేతులు మారి వచ్చినవీ తరచూ కనిపిస్తాయి. అలా వచ్చిన కారుకు పాత ఓనరు సరదాపడి వేయించిన వెడల్పాటి ఫెండర్లు, నేలకు ఆనే ఫైబరు బంపరు, డిక్కీ మీద పెద్ద రెక్క ముందే ఉంటాయి. కొన్న మొదటి ఏడాది అవే ముచ్చటగా ఉంటాయి. కాగితాల పని మొదలయ్యాక అవే అడ్డం తగులుతాయి.

ఆ అడ్డం రెండు మూడు చోట్ల ఎదురవుతుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్, ఆపైన బండిని స్వయంగా చూపించడం. రెండోది 15 ఏళ్ల గడువు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తనిఖీ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. 2008–2011 మధ్య ఈ రెండు జిల్లాల ఏపీ 26, ఏపీ 27 నంబర్లతో రోడ్డెక్కిన కార్లకు ఆ గడువు 2023–2026 మధ్యే పడింది. రెన్యూవల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో మామూలు కారుకు 5,000 రూపాయలు, దిగుమతి కారుకు 40,000 చేశారు. అంత కట్టి తీసుకెళ్లిన బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి చూసి ‘ఇది ఆర్సీలో ఉన్న బండేనా’ అని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. మూడోది అమ్మకం. దాని సంగతి తర్వాత.

చట్టం అడిగేది ఎంత

1988 చట్టంలోని 52వ సెక్షన్ మాట సూటిగానే ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు పొంతన తప్పేలా ఓనరు బండిని మార్చకూడదు. రాష్ట్రాల నియమాల్లో ఉన్న సడలింపులు దీన్ని దాటగలవా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది: తయారీదారు వివరాలకు విరుద్ధమైన మార్పు చెల్లదు. అదే ఏడాది చట్టసవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. ఇక్కడ ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటే కీలకం. బంపరు, ఫెండర్లు, రెక్క, సైలెన్సరు అంటూ విడివిడిగా లెక్కపెడితే మొత్తం త్వరగానే పెరుగుతుంది.

అయితే అందం కోసం అంటించినవన్నీ చట్టం దృష్టిలో ఒకటి కావు. బండి నిర్మాణం మారి, దాని మూలలక్షణం మారితేనే అది ‘మార్పు’ అని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. డిక్కీ మూతకు అంటించిన చిన్న పెదవి లాంటి స్పాయిలరుకూ (గాలిని మళ్లించే పట్టీ), ఫెండర్లు కోసి కారు వెడల్పు పెంచడానికీ ఒకే కొలబద్ద పెట్టలేం. మధ్యలో ఉన్నవాటిపై నిర్ణయం తనిఖీ చేసే అధికారి చూపుకే వదిలేసినట్టుంది. వాదులాటలన్నీ అక్కడే పుడతాయి. రంగు విషయంలో మాత్రం అంత అస్పష్టత లేదు. ఆర్సీలో రంగు రాసి ఉంటుంది, మారిస్తే నమోదు చేయించాలి.

తిరిగి పాత రూపానికి తెచ్చేవారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. చాలామంది మార్పులను ఆర్సీలో ఎక్కించరు. ఆర్సీ ఇప్పటికీ కంపెనీ బండినే వర్ణిస్తూ ఉంటుంది కాబట్టి, బండిని వెనక్కి తెస్తే కాగితం దానంతటదే సరిపోతుంది. రంగు మార్పును పద్ధతిగా నమోదు చేయించినవారు మాత్రం పాత రంగుకు వెళ్లేటప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. నిబంధన పాటించినవాడికే రెండో విడత తిరుగుడు మిగలడం ఈ వ్యవహారంలోని వింత.

విప్పితే పోయేది, కోస్తే మిగిలేది

కారు బాడీలో అన్ని రేకులనూ ఒకే తీరున బిగించరు. ముందు ఫెండర్లు, బానెట్, డిక్కీ మూత, తలుపులు బోల్టులతో, కీళ్లతో పట్టి ఉంటాయి. పని తెలిసిన టింకరు వాటిని ఒక పూటలో విప్పి పక్కన పెడతాడు. వెనక ఫెండరు అలా కాదు. తలుపు వెనక మొదలై చక్రం మీదుగా వెనక లైటు దాకా సాగే ఈ రేకును క్వార్టర్ ప్యానెల్ అంటారు. పైకప్పుతో, గుమ్మం కింది సిల్‌తో, లోపలి చక్రపు గూడుతో స్పాట్ వెల్డింగులు (చుక్కలు చుక్కలుగా వేసే అతుకులు) పడి మొత్తం ఒకే పెంకుగా ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. దానికి విప్పే బోల్టు లేదు.

వెడల్పు చక్రాలు బయటికి రావాలంటే ఈ రేకే అడ్డం. అందుకే వైడ్ బాడీ కిట్ వేసేటప్పుడు గ్రైండరుతో చక్రం మీది కమాను అంచును కోసేస్తారు. లోపలి రేకు, బయటి రేకు విడిపోయినచోట ముక్కలు అతికి, పైన ఫైబరు ఫ్లేరు, అంటే చక్రం మీద బయటికి పొడుచుకొచ్చే తొడుగు పెట్టి రివెట్లో స్క్రూలో కొడతారు. పాత పోర్షే 911ల ఫెండర్లను ఇలా కోసి వెడల్పు చేసే ధోరణికి జపాన్‌కు చెందిన అకీరా నకాయ్ ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చారు. ఆయన పనిని ఇష్టపడేవాళ్లు ఎంతమందో, మంచి రేకు పాడుచేశారని బాధపడేవాళ్లూ అంతమంది.

ఆ ఫ్లేరును కొన్నేళ్ల తర్వాత తీస్తే ఏం కనిపిస్తుందన్నదే అసలు కథ. మొదట నల్లటి సీలెంటు బంక, చాకుతో గీకితే తప్ప రాదు. దాని కింద వరసగా రివెట్ బెజ్జాలు, ప్రతి బెజ్జం చుట్టూ గోధుమరంగు వలయం. ఫైబరుకూ రేకుకూ మధ్య చక్రం చిమ్మిన బురద చేరి గట్టిపడి ఉంటుంది. కోసిన అంచు దగ్గర రంగు పొర పొంగి, వేలితో నొక్కితే పెళుసుగా రాలుతుంది. పోర్షే 1970ల మధ్య నుంచే 911 బాడీకి జింకు పూత ఇస్తోంది, తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. కానీ గ్రైండరు తగిలినచోటా, వెల్డింగు వేడి తగిలినచోటా ఆ జింకు ఉండదు. మైపాడు, కొత్తపట్నం తీరాల వైపు తిరిగే కారుకూ, ఉప్పునీటి చెరువు గట్ల మీద నిలబడే కారుకూ అదే చాలు, తుప్పు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది.

బాగుచేసే దారులు రెండు. కోసిన కమాను మేరకు ముక్క వేయడం ఒకటి, క్వార్టర్ ప్యానెల్ మొత్తం మార్చడం రెండోది. ముక్క వేయడం చవక. లోపలి గూడు బాగా ఉండి, తుప్పు అంచు దగ్గరే ఆగిపోతే అది తప్పేమీ కాదు. మొత్తం మార్చాలంటే పాత రేకును పట్టి ఉంచిన స్పాట్ వెల్డింగులను ప్రత్యేక డ్రిల్లు బిట్‌తో ఒక్కొక్కటిగా తొలవాలి, కింది రేకుకు బెజ్జం పడకుండా. కొత్త రేకును తాత్కాలికంగా క్లాంపులతో పట్టించి తలుపు, డిక్కీ మూత, వెనక లైటు బిగించి చూడాలి. సందులన్నీ మూడు నుంచి అయిదు మి.మీ. మధ్య సమంగా వచ్చాకే వెల్డింగు. ముందు వెల్డింగు చేసి తర్వాత తలుపు బిగిస్తే ఆ తేడాను ఇక లప్పంతోనే కప్పాలి. చూడగానే తెలియదు కానీ తలుపు వేసిన చప్పుడులో తెలిసిపోతుంది.

వెల్డింగు కూడా ఒకే గీతగా లాగకూడదు. పలుచని రేకు వేడికి వంకర తిరుగుతుంది కాబట్టి అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క పెడుతూ, చల్లారనిస్తూ పోవాలి. ఈ పనికి సీఓటూ వెల్డింగు కావాలి. గ్యాస్ వెల్డింగు మంట చుట్టుపక్కల రేకును కూడా మెత్తబరుస్తుంది. కొత్త కార్లలో తలుపు స్తంభాలకూ సిల్‌లకూ వాడే అధిక బలపు ఉక్కు ఒకసారి ఎర్రబడితే ఫ్యాక్టరీలో వచ్చిన బలాన్ని కోల్పోతుంది. ప్రమాదం జరిగినప్పుడు తప్ప ఆ నష్టం బయటపడదు. చివరగా అతుకుల మీద సీలెంటు, లోపలి బోలు భాగాల్లోకి మైనం స్ప్రే. బయటికి కనబడని పని కాబట్టి తొందరలో మొదట ఎగరగొట్టేదీ ఇదే.

అల్యూమినియం, ఫైబరు

పైన చెప్పిందంతా ఉక్కు రేకుకు. 2006లో వచ్చిన రెండో తరం ఆడి టీటీ బాడీలో 69 శాతం అల్యూమినియమే. తలుపులు, డిక్కీ మూత, వెనక నేల రేకు మాత్రం ఉక్కు. అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగు కావాలి, విడిగా పనిముట్లు కావాలి. ఉక్కు గ్రైండ్ చేసిన చక్రంతోనే అల్యూమినియాన్ని రుద్దితే ఇనుప రజను అందులో దిగి అక్కడే లోహాన్ని తినడం మొదలవుతుంది. రెండు లోహాలు నేరుగా తాకే చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. ఫ్యాక్టరీ ఆ కీళ్ల మధ్య జిగురు, పూత పెట్టేది అందుకే. లారీ బాడీలు కట్టడంలో చేయి తిరిగినవాళ్లకు ఈ రెండు జిల్లాల్లో కొదవలేదు కానీ అది వేరే విద్య, ఇది వేరే విద్య. అల్యూమినియం పనికి కారును ట్రక్కు మీద చెన్నై పంపడం చాలాసార్లు తెలివైన పనే.

బంపర్ల దగ్గర సమస్య ఇంకో రకం. కంపెనీ బంపరు వంగి మళ్లీ లేచే ప్లాస్టిక్. కిట్ బంపరు సాధారణంగా గాజునార, రెజిన్ కలిపిన ఫైబరు. వంగదు, పగులుతుంది. గ్రానైట్ లారీలు తిరిగే చీమకుర్తి రోడ్డు మీద నేలకు ఆనే ఫైబరు బంపరు ఎన్నాళ్లు నిలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పాతది తెచ్చి బిగించడం తేలికే. మర్చిపోయేది దాని వెనకున్న సరంజామా: దెబ్బను భరించే అడ్డ దూలం, దాని మీది ఫోము, రేడియేటరుకు గాలిని మళ్లించే గొట్టాలు, చక్రపు గూటి లైనర్లు, అడుగున ప్లాస్టిక్ పలకలు. కిట్ పట్టడానికి వీటిలో ఏదో ఒకటి కోసో తీసేసో ఉంటారు. పోర్షే లాంటి కార్లలో రేడియేటర్లు ముందు మూలల్లో ఉంటాయి. గాలి దారి సరిగా లేకపోతే నెల్లూరు మే నెలలో ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుంటుందో ఊహించుకోవచ్చు. బయటి రూపం తిరిగొచ్చినా లోపల అడ్డ దూలం లేని కారు కంపెనీ కారు కాదు. కార్లకు అదనంగా బిగించే ఇనుప బుల్ బార్లపై 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ చర్యకు ఆదేశించినప్పుడు చెప్పిన కారణం కూడా భద్రతే. గుద్దుకున్నప్పుడు బలం ఏ దారిన ఎక్కడికి వెళ్లాలో ఫ్యాక్టరీ ముందే తేల్చి పెడుతుంది, దారి మారితే ఎయిర్‌బ్యాగ్ సెన్సరుకు అందే కబురూ మారుతుంది.

రంగు దగ్గర దొరికిపోయేవి

ఫ్యాక్టరీలో బాడీ పెంకును మొత్తంగా రసాయన తొట్టిలో ముంచి, కరెంటు పంపి తొలి పూత ఎక్కిస్తారు. ఆ పూతను 160–180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఇంజిను, వైర్లు, సీట్లు ఉన్న కారును ఎవరూ ఆ వేడిలో పెట్టలేరు. వర్క్‌షాపు బూత్‌లో రంగు ఆరబెట్టేది 60 డిగ్రీల దగ్గర. కాబట్టి తిరిగి వేసిన రంగు ఎంత అందంగా వచ్చినా మొదటి రంగు కాదు. పూత మందం కొలిచే చిన్న పరికరం దీన్ని క్షణంలో చెప్పేస్తుంది. కంపెనీ రంగు సాధారణంగా 100–150 మైక్రాన్ల దగ్గర చూపిస్తుంది. రెండోసారి రంగు పడితే 200 దాటుతుంది. కింద లప్పం ఉంటే అంకె వెయ్యి వైపు పరుగెడుతుంది. ఆ పరికరం లేనివాళ్లు ఉక్కు రేకు మీద గుడ్డ చుట్టిన అయస్కాంతం జరిపి చూస్తారు. లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది.

రంగు కోడ్ బండి మీదే ఉంటుంది. డ్రైవరు తలుపు పక్కనో, డిక్కీలోనో, బానెట్ కిందో చిన్న పలక మీద రాసి ఉంటుంది. కోడ్ ప్రకారం కలిపితే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున ఉన్న రంగు వస్తుంది. పదిహేనేళ్లు కోస్తా ఎండలో ఉన్న తలుపు రంగు మాత్రం రాదు. అందుకే కొత్త రేకు పక్కనున్న తలుపు మీదికి కూడా రంగును పలచగా సాగదీస్తారు. మెటాలిక్ వెండి రంగైతే స్ప్రే గన్ ఎంత దూరంలో పట్టుకున్నారన్నదాన్ని బట్టి కూడా ఛాయ మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో, తేమ నింపుకున్న గాలిలో, బూత్ లేని షెడ్డులో రంగు పని పెట్టుకోకపోవడం మంచిది. తేమ చిక్కితే పూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది.

పాత భాగాలు దొరికే చోట్లు

అన్నింటికంటే చవకైన దారి పాత ఓనరే. కిట్ వేయించినప్పుడు విప్పిన బంపర్లు ఆయన మేడ మీదో, వర్క్‌షాపు అటకమీదో పడి ఉండే అవకాశం తక్కువేం కాదు. బేరం ఆడేటప్పుడే ఆ మాట అడిగినవాళ్లు బాగుపడతారు. తర్వాత చెన్నై పుదుపేట. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు. పాత కార్ల భాగాలకు దక్షిణాదిలో అంత పేరున్న సంత మరొకటి లేదు.

పాత మోడళ్లకు కంపెనీలే మళ్లీ భాగాలు తయారుచేయడం గత పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు. నిస్సాన్ రేసింగ్ విభాగం నిస్మో 2017లో ఆర్32 స్కైలైన్ జీటీ–ఆర్ కోసం, టయోటా 2020 నుంచి పాత సూప్రాల కోసం కొన్ని భాగాలను తిరిగి అమ్ముతున్నాయి. మొదటి తరం రోడ్‌స్టర్లను మళ్లీ కొత్తవిగా చేసిచ్చే పథకాన్ని మాజ్దా జపాన్‌లో నడిపింది. మార్పులు చేయని కార్లు అరుదై, వాటి ధర పెరిగాకే ఇవన్నీ మొదలయ్యాయి.

ఒక హెచ్చరిక. రేకు దొరక్క, వేరే కారు సగం పెంకును, అంటే హాఫ్ కట్‌ను తెచ్చి అతకడం కొన్నిచోట్ల నడుస్తుంది. చాసిస్ నంబరు చెక్కిన భాగం అందులో ఉంటే అది బాడీ పని పరిధి దాటి, బండి గుర్తింపే మార్చిన నేరం కిందికి వెళుతుంది.

ఏ రోజు కారు అసలుది

1998లో వచ్చిన మొదటి ఆడి టీటీకి వెనక స్పాయిలర్ లేదు. నున్నటి ఆ గుండ్రని వీపే దాని అందం. జర్మనీ హైవేల మీద అధిక వేగంలో జరిగిన ప్రమాదాల తర్వాత కంపెనీయే స్పాయిలరు, ఈఎస్‌పీ (కారు అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) చేర్చింది, అమ్మేసిన కార్లకూ బిగించింది. ఈ కారును అసలు రూపానికి తేవాలంటే స్పాయిలరు ఉంచాలా, తీయాలా? సంగ్రాహకులు రెండువైపులా వాదిస్తారు. ఆ స్పాయిలరు పెట్టింది వేగంలో వెనక చక్రాలు తేలిపోకుండా ఉండటానికి. ఫొటోల్లో బాగుంటుందని దాన్ని తీసేయడం తెలివితక్కువ.

ఫెరారీ 2006 నుంచి క్లాసిక్ విభాగం ద్వారా పాత కార్లను పరిశీలించి ధ్రువపత్రం ఇస్తోంది. ఆ కారు ఫ్యాక్టరీ వదిలినప్పుడు ఎలా ఉందన్న రికార్డే అక్కడ కొలబద్ద. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాలూ దాదాపు అదే అడుగుతాయి. 50 ఏళ్లు దాటి ఉండాలి. చాసిస్, బాడీ పెంకు, ఇంజిన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఈ రోజు కోసే క్వార్టర్ ప్యానెల్ ఎప్పుడో మనవడి కాలంలో వింటేజ్ దరఖాస్తును అడ్డుకునే అవకాశం ఉంది.

ఖర్చు గిట్టేదెప్పుడు

కిట్‌కు పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు, దాన్ని తీయించడానికి పెట్టింది మాత్రం కొంత వస్తుంది. ఎందుకంటే ఒకరి అభిరుచిలో ఉన్న కారును కొనేవాళ్లు కొద్దిమందే, కంపెనీ రూపంలో ఉన్నదాన్ని అడిగేవాళ్లు ఎక్కువమంది. బోల్టు భాగాలే మారి ఉంటే వెనక్కి తేవడం దాదాపు ఎప్పుడూ గిట్టుబాటే. రేకు కోసి ఉంటే కారును బట్టి లెక్క మారుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పాత 911 అయితే ఎంత పెట్టినా తేలిగ్గా పూడుతుంది. మామూలు సెడాన్ మీద లాంబోర్గిని పోలిక పెంకు ఎక్కించిన బండికైతే, అడుగున మిగిలిన కారు విలువ కంటే పని ఖర్చే ఎక్కువవుతుంది. దాన్ని కాపాడే ప్రయత్నం చేయకపోవడమే నయం.

బీమా దగ్గర లెక్క వేరు. పాలసీ తీసుకున్నప్పుడు చెప్పని మార్పులు సర్వేయరుకు కనిపిస్తే సొంత నష్టం క్లెయిము తగ్గొచ్చు, ఆగిపోవచ్చు. వెనక్కి తెచ్చిన కారుకు ఆ ముప్పు తగ్గుతుంది కానీ పాత అతుకు సంగతి దాచకూడదు. పని జరుగుతున్నప్పుడు కోసిన రేకు, కొత్త వెల్డింగు, మైనం పూత ఫొటోలు తీసి, భాగాల బిల్లులతో కలిపి ఉంచుకుంటే సర్వేయరుకూ, రేపు కొనేవారికీ చూపించొచ్చు. లప్పం పడి, రంగు పడ్డాక ఆ ఫొటోలు తీయడం కుదరదు.